కాపరికుక్కకు కీర్తి తెచ్చిన కాప్టెన్

గోదావరీతీరమున నున్న మంచిర్యాల పట్టణమునకు చుట్టుపట్ల గ్రామములలో పంటకోత లయిన పిదప కురుమలును గొల్లలును గొఱ్ఱెల మందలను తోలికొని వచ్చుట పూర్వమునుండి కలదు. రైతు తన చేనిలో రాత్రులందు మంద పెట్టించుకొనును. గొఱ్ఱెల పెంటికలు భూమికి సత్తువ నిచ్చును. కాపరి గొంగడి కప్పుకొని నడుము వాల్చగా మంద చుట్టును తిరుగుచు, చిన్న అలికిడికి చెవులు నిక్కించి చూచుచు మేలుకొని యుండునది అతని కుక్క. దాని వంశ మెవరును వ్రాసి యుంచలేదు. దానికి పతకము లెవరును కట్టలేదు. అయినను అది లేనిదే మందకు రక్షణ లేదు.

ఇట్టి కాపరికుక్కలనే జర్మనీదేశమున చూచి, వాని విలువ గుర్తించి, వానినుండి ఒక జాతిని తీర్చిదిద్దిన సైనికోద్యోగి మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్. హైదరాబాదునకు సమీపమున మొయినాబాదులో పోలీసుశాఖవారు కుక్కలకు శిక్షణ నిచ్చు సంస్థ యొకటి కలదు. శిక్షణము ముగిసిన దినమున ఆ కుక్కలు తమ శిక్షకుల ప్రక్కన వరుసగా నడచి, కూర్చుండుమనిన కూర్చుండి, ఆగుమనిన ఆగి, దాచిన వస్తువును వెదకి చూపి అతిథులను ఆశ్చర్యపఱచును. వానిలో నిక్కిన చెవులును కుచ్చుతోకయును గల జర్మను షెపర్డు కుక్కను చూడనివా రరుదు. ఆ కుక్కకు ఆ పేరును ఆ రూపమును లభించుటకు కారణము ఈ స్టెఫానిట్జే.

ఆయన 1864వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన డ్రెస్డెన్ నగరమున ఉన్నత కుటుంబమున జన్మించెను. ఆయన మనసు పల్లెపట్టులందును పశుపోషణమందును లగ్నమై యుండెడిది. కాని కుటుంబమువారి కోరిక మేరకు సైన్యమున చేరి అశ్వికదళమున అధికారి యయ్యెను. కొంతకాలము బెర్లినులోని పశువైద్య కళాశాలలో పనిచేయు అవకాశము కలిగెను. జంతువుల ఎముకల కూర్పు, కండరముల పని, తల్లిదండ్రుల గుణములు పిల్లలకు సంక్రమించు తీరు ఆయన కచ్చట బోధపడెను. ఈ చదువు తరువాత ఎంతగా ఉపయోగపడెనో ముందు తెలియగలదు. 1898లో ఆయనకు కాప్టెన్ పదవి లభించెను. అంతలో ఆయన యొక నటీమణిని వివాహమాడెను. ఆ కాలపు సైనికాధికారులకు అట్టి వివాహము గౌరవభంగముగా తోచుచుండెను. కావున ఆయన కొలువు విడువవలసి వచ్చెను. మ్యూనిక్ నగరమునకు సమీపమున గ్రాఫ్రాట్ అను చోట ఆయనకు భూవసతి యుండెను. అచ్చట నివసించుచు కుక్కలను పెంచసాగెను.

సైనిక విన్యాసములకై దేశమున పలుచోట్ల తిరుగుచున్నప్పుడు ఆయన కాపరికుక్కల పనిని శ్రద్ధతో గమనించి యుండెను. ఆ పని యెట్టిదో కొంత తెలిసికొనవలెను. జర్మనీ పల్లెలలో పెక్కు పొలములకు కంచెలు లేవు. ఒక ప్రక్క గోధుమ, మఱియొక ప్రక్క దుంపతోట, నడుమ సన్నని గడ్డిపట్టి. ఆ పట్టిలోనే వందల కొలది గొఱ్ఱెలు మేయవలెను. ఒక్క గొఱ్ఱెయైనను పంటలో నోరు పెట్టినచో కాపరి రైతుతో తగవు పడవలసినదే. కావున కుక్కయే కంచె యగును. పొలము సరిహద్దు చాలు వెంట అది ఉదయమునుండి సాయంకాలము వఱకు ఇటునుండి అటు, అటునుండి ఇటు పరుగు తీయును. గీత దాటిన గొఱ్ఱెను లోనికి త్రిప్పును. మొండికెత్తిన దానిని పట్టును గాని గాయము చేయదు. పట్టిన వెంటనే విడువవలెను. కాపరి దూరముననుండి చేయి చూపినను, ఈల వేసినను ఆ సంజ్ఞ తెలిసి మసలుకొనవలెను. కాపరి కనబడనప్పుడు తన బుద్ధితో నిర్ణయము చేసికొనవలెను. మన ప్రాంతపు మందకుక్కకు కావలి ముఖ్యము; ఆ కుక్కకు కావలితోపాటు ఈ హద్దుపనియును తప్పనిసరి.

ఇందుండి ఒక విషయము తేటపడుచున్నది. శిక్షణమునకు తగిన కుక్క యేదని యడిగినచో పరుగులో వేగమో, శరీరపు పరిమాణమో చెప్పిన చాలదు. వేటకుక్క వేగమున మేటి. కర్ణాటకదేశపు ముధోలు కుక్క కుందేలును చూచినచో బాణమువలె దూసికొనిపోవును. కాని అట్టి క్షణమున యజమాని పిలుపు దాని చెవి కెక్కుట కష్టము. కన్ను చూచిన దానిని తఱుముట దాని జాతిధర్మము. వాసన పట్టు వేటకుక్క ముక్కు నేలకు ఆన్చినచో లోకము మఱచును. మిక్కిలి భారమైన కావలికుక్క బలశాలియే గాని నాలుగు గడియలు పరుగిడిన అలసిపోవును. కాపరికుక్క వేఱు. తరతరములుగా అది మనిషి ముఖము చూచి పనిచేసినది. ఆగుమనిన ఆగలేని దానిని ఏ కాపరియు ఉంచుకొనలేదు. గొఱ్ఱెను కఱచి చంపిన దానిని అసలే ఉంచుకొనలేదు. మంద వెంట జరిగిన యీ ఏరివేతలోనే విధేయత రక్తగత మయ్యెను.

స్టెఫానిట్జ్ గుర్తించిన దిదియే. కాని ఆ కాలమున జర్మనీలో కాపరికుక్క యనగా ఒకే రూపము లేదు. తురింగియా ప్రాంతపు కుక్కలు చిన్నవి, చుఱుకైనవి, నిక్కిన చెవులు గలవి, తోడేటి రంగువి. వుర్టెంబర్గు ప్రాంతపువి పెద్దవి, దృఢమైన ఎముకలు గలవి, నిలకడైన నడక గలవి. ఇతరులు కొందఱు అంతకు మునుపు 1891లో ఫైలాక్స్ అను సంఘమును స్థాపించి వీనిని ఒక జాతిగా చేయ యత్నించిరి. అందు కొందఱు అందమే చాలుననిరి, కొందఱు పనియే ముఖ్యమనిరి. ఈ వాదములతో కొలది సంవత్సరములలోనే ఆ సంఘము మూతపడెను.

1899వ సంవత్సరము ఏప్రిలు 3వ తేదీన కార్ల్స్‌రూహే పట్టణమున కుక్కల ప్రదర్శన మొకటి జరిగెను. స్టెఫానిట్జ్ తన మిత్రుడు ఆర్తూర్ మేయరుతో కూడి అచ్చటికి పోయెను. అందు హెక్టర్ లింక్స్‌రైన్ అను నాలుగేండ్ల కుక్క యొకటి వారి కంటబడెను. పసుపును బూడిదవన్నెయు కలిసిన మేను, తోడేటిని తలపించు ఆకారము, మధ్యస్థమైన ఎత్తు, అలసట యెఱుగని నడక, యజమానియందు నిలిచిన చూపు. అది ఫ్రాంక్‌ఫర్టులో స్పార్వాసరు అను నతడు పెంచిన కుక్కల సంతతిలోనిది. ఆయన దానిని అప్పుడే కొని, తన నివాసము పేరు చేర్చి హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాట్ అని నామకరణము చేసెను.

పందొమ్మిది దినములు గడచెనో లేదో, ఏప్రిలు 22వ తేదీన జర్మను కాపరికుక్కల సంఘము ఏర్పడెను. స్టెఫానిట్జ్ దానికి అధ్యక్షుడు, మేయరు కార్యదర్శి. స్థాపకులలో గొఱ్ఱెల కాపరులు, కర్మాగారపు యజమానులు, ఒక వాస్తుశిల్పి, ఒక సత్రపు యజమాని, ఒక న్యాయాధికారి కలరు. మందవెంట తిరుగువాడును న్యాయస్థానమున కూర్చుండువాడును ఒకే బల్ల చుట్టును చేరి కుక్కలను గూర్చి మాటలాడుట ఆ దేశపు అంతస్తుల నడుమ సామాన్య విషయము కాదు. సంఘమువారు వంశావళి గ్రంథమును తెఱచిరి. అందలి మొదటి సంఖ్య హోరాండునకు దక్కెను.

ఆ తరువాత ముప్పదియైదు సంవత్సరములపాటు స్టెఫానిట్జ్ ఈ సంఘమును నడపెను. అతని పట్టుదల సైనికునికి తగినదే. జత కట్టదగిన కుక్క లేవో, తగని వేవో ఆయన సలహా ఇచ్చెడివాడు. ఆ సలహా యించుమించు ఆజ్ఞవంటిదే. హోరాండు కుమారుడగు హెక్టర్ ఫాన్ ష్వాబెన్ 1900లోను 1901లోను దేశపు మేటి కుక్కగా ఎన్నికయ్యెను. మంచి గుణములు స్థిరపడవలెనని దగ్గఱి రక్తసంబంధము గల వానినే మఱల మఱల జతపఱచిరి. దీనివలన జాతికి రూపము త్వరగా కుదిరెను. కాని లోపములును అదే దారిని రాగలవు. ఆయన ఈ చిక్కు నెఱిగినవాడే. 1901లో ఆయన జర్మను కాపరికుక్కనుగూర్చి వ్రాసిన గ్రంథము, తరువాతి ముద్రణములలో పెరిగి పెద్దదై, ఆ విషయమున ప్రామాణిక మయ్యెను.

అంతలో కాలము మాఱసాగెను. కర్మాగారములు పెరిగెను, రైలుదారులు వ్యాపించెను, మేతభూములు తగ్గెను. మందలు తగ్గినచో మందకుక్క యేమి చేయవలెను? పని లేని కుక్క కొలది తరములలో ఒట్టి అలంకార మగును. ఈ ప్రమాదమును ఆయన ముందుగనే చూచెను. హద్దుచాలు వెంట తిరిగిన కుక్క నగరపు వీథిలో పోలీసువాని ప్రక్కన తిరుగలేదా? గొఱ్ఱెను పట్టి గాయపఱుపక విడుచునది దొంగను పట్టి ఆజ్ఞ వినగనే విడువలేదా? ఆయన ఈ ప్రశ్నలతో పోలీసు అధికారులను, సైన్యాధికారులను ఆశ్రయించెను. మొదట వారు నవ్విరి. ఆయన విసుగు చెందక కుక్కలను వారికిచ్చి పరీక్షింపజేసెను. విధేయత, వాసన పట్టుట, యజమానిని కాపాడుట అను వానియందు పోటీపరీక్షలు ఏర్పడెను. సార్‌బ్రూకెన్‌లో పోలీసు అధికారియైన కోన్రాడ్ మోస్ట్ 1906నుండి కుక్కలకు శిక్షణ నిచ్చుచు 1910లో శిక్షణగ్రంథమును ప్రకటించెను. క్రమముగా నవ్వినవారే కుక్కల కొఱకు సంఘమునకు వ్రాయసాగిరి.

1914లో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. గుండ్లు కురియు రణభూమిలో వేలకొలది కుక్కలు వార్తలు మోసెను, గాయపడి పడియున్న సైనికుల జాడ తెలిపెను. విషవాయువులచే చూపు పోయిన సైనికులకు దారి చూపుటకై 1916లో ఓల్డెన్‌బర్గు పట్టణమున మార్గదర్శక శునకముల పాఠశాల నెలకొల్పబడెను. ఆ పనికి వీథిలోని శబ్దములకు బెదరక, అవసరమైనచో యజమాని ఆజ్ఞను సైతము కాదని ఆగగల కుక్క కావలెను. గోతి ముందుకు నడువుమనిన నడచు కుక్క అంధునకు పనికిరాదు గదా! కాపరి కనబడనపుడు తానే నిర్ణయించుకొను ఆ పాత బుద్ధి ఇచ్చట అక్కఱకు వచ్చెను. అమెరికాలో 1929లో స్థాపితమైన ఇట్టి పాఠశాలకు దారితీసిన బడ్డీ అను ఆడుకుక్కయు ఈ జాతిదే.

యుద్ధానంతరము ఈ జాతికి కలిగిన కీర్తియే దానికి ముప్పు తెచ్చెను. 1918లో ఫ్రాన్సులో ఒక అమెరికను సైనికునకు దొరికిన రిన్ టిన్ టిన్ అను కుక్క చలనచిత్రములలో నటించి దేశదేశముల పేరుపొందెను. ప్రతివాడును అట్టి కుక్క కావలెననెను. డబ్బే లక్ష్యముగా పెంచువారు పుట్టుకొనివచ్చిరి. కుక్కలు మఱీ ఎత్తుగా, పలుచని దేహముతో, పిఱికివిగా తయారగుచుండెను. చూచుటకు గంభీరముగా నుండి తుపాకి చప్పుడునకు తోక ముడుచు కుక్కను స్టెఫానిట్జ్ తన జాతిదని చెప్పుకొనుటకు సిద్ధముగా లేకుండెను. జత కట్టుటకు ముందు ప్రతి కుక్కను దేహమందును స్వభావమందును పరీక్షించు పద్ధతిని సంఘము ఏర్పఱచెను. 1925లో జరిగిన ప్రదర్శనమున ఆయన అప్పటివఱకు వాడుకలో నున్న ఎత్తైన కుక్కలను ప్రక్కకు నెట్టి, పొట్టిగా, నిడుపైన మేనితో, నిశ్చలమైన స్వభావముతో నున్న క్లోడో ఫాన్ బాక్స్‌బెర్గును మేటిగా ఎన్నిక చేసెను. ఎత్తైన కుక్కలకు పెట్టుబడి పెట్టినవారికి ఇది మింగుడుపడి యుండదు. కాని అనంతరకాలపు కుక్కలకు అదియే ఒరవడి యయ్యెను.

ఆయన మాటలలో అతిశయము లేకపోలేదు. తన కుక్కకు సాటి లేదని ఆయన గట్టిగా నమ్మెను. ఇతర జాతులవారు దానిని ఒప్పుకొనలేదు. ఆ ఒప్పుకొనకపోవుట సకారణమే. 1933లో అమెరికాలో హెలెన్ వైట్‌హౌస్ వాకరు అను స్త్రీ, బొచ్చు కత్తిరించి ముద్దుచేయుటకే పనికివచ్చునని ఎగతాళి చేయబడిన పూడిల్ కుక్కలు సైతము ఆజ్ఞాపాలనమున ఎవరికిని తీసిపోవని చూపుటకై పోటీ నొకటి నడపించెను. నేడు పలుదేశముల భద్రతాదళములు బెల్జియం దేశపు మాలిన్వా కుక్కలను కోరుచున్నవి. వాసన పట్టు పనులకు లాబ్రడారులను వాడుచున్నారు. మాలిన్వా సయితము గొఱ్ఱెలమంద వెంట పుట్టినదే.

1933లో జర్మనీలో నాజీలు అధికారమునకు వచ్చిరి. వారు సంఘములనన్నిటిని తమ చెప్పుచేతలలోనికి తెచ్చుకొనుచుండిరి. కుక్కల సంఘమును సయితము విడువలేదు. వారు బెదిరించి అతనిని అధ్యక్షపదవినుండి తొలగునట్లు చేసిరి. 1935లో ఆయన తాను పెంచిన సంఘమును విడిచెను. అప్పటి కతనికి డెబ్బదియేండ్లు నిండినవి. మఱుసటి సంవత్సరము, 1936 ఏప్రిలు 22వ తేదీన, సంఘము స్థాపించిన దినమునాడే, డ్రెస్డెన్‌లో మరణించెను.

యుద్ధకాలమున జర్మనీ పేరు వినుటకు ఇష్టపడని ఆంగ్లేయులు ఈ కుక్కను అల్సేషియను అని పిలిచిరి. మన దేశమునను ఆ పేరే చిరకాలము వాడుకలో నుండెను. 1977లో ఇంగ్లండులోని కెన్నెల్ క్లబ్బువారు పాతపేరును మరల గ్రహించిరి. హోరాండు పేరుతో మొదలైన ఆ వంశావళి గ్రంథమున సంఖ్యలు తరువాత ఇరువది లక్షలను దాటినవి.