సర్ ఆల్బర్టు హోవర్డు

మనము తిను ధాన్యము, కూరగాయలు మట్టినుండియే వచ్చుచున్నవి. వానిలో కొంత భాగము తిని, తక్కినదానిని తొక్కలనియు, ఊకయనియు, ఎంగిలియనియు పారవేయుచున్నాము. మట్టినుండి తీసికొన్న సారమును మరల మట్టికి చేర్చకున్నయెడల ఎంతటి మంచి నేలయైనను కొంతకాలమునకు చౌడుబారిన దానివలె నిస్సారమగును. ఈ సంగతి మన రైతులకు తరతరములుగా తెలిసినదే. పల్లెలలో ఇంటింటికి పెంటకుప్ప ఉండుటకు కారణ మిదియే. ఆ కుప్పలో జరుగు మార్పు ఎట్టిదో పరిశోధించి, దానిని త్వరగాను, నష్టము లేకుండను జరుపు పద్ధతిని లోకమునకు తెలిపినవారిలో ఆల్బర్టు హోవర్డు ప్రముఖుడు. ఆయన ఆంగ్లేయుడు, కాని ఈ విద్యను ఆయన నేర్చినది మన దేశపు రైతులవద్దనే.

హోవర్డు 1873వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైరు మండలమున బిషప్స్ కాసిల్ అను ఊర జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. పొలము పనులు చూచుచు పెరిగిన ఆ బాలుడు లండనులోను, కేంబ్రిడ్జిలోను విజ్ఞానశాస్త్రము నభ్యసించెను. 1899లో వెస్టిండీసు దీవులకు పోయి పైరుల తెగుళ్ళను పరిశీలించు ఉద్యోగమున చేరెను. అచట ఆయనకొక చిక్కు తోచెను. ప్రయోగశాలలో కూర్చుండి, సూక్ష్మదర్శినితో తెగులును చూచి, రైతునకు మందు చెప్పుటయే ఆయన పని. ఆ మందును తానే వాడి చూచుటకు ఆయనకు సెంటు భూమియైనను లేదు. స్వయముగా పైరు పండింపనివాడు పండించువానికి సలహా చెప్పుట ఆయనకు సబబుగా తోపలేదు.

1905లో ఆయన బీహారులోని పూసా అను గ్రామమునకు వచ్చి, అచటి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనాలయమున వృక్షశాస్త్రజ్ఞుడుగా చేరెను. ఆ సంవత్సరమే గాబ్రియెల్ మాథేయిని వివాహమాడెను. ఆమెయు వృక్షశాస్త్ర పండితురాలు. దంపతులిరువురును కలిసి కృషిచేసి మేలైన గోధుమ వంగడములను రూపొందించిరి.

పూసాలో హోవర్డు కోరిన భూమి ఆయనకు దొరికెను. అప్పుడాయన చుట్టుపట్ల గ్రామముల పొలములను తిరిగి చూచెను. ఆ రైతులు పురుగుమందు లెరుగరు. అయినను వారి పైరులు తెగుళ్ళకు అంతగా లొంగకుండెను. ఇందుకు కారణమేమి? పెద్ద చదువులు చదివివచ్చిన హోవర్డు ఆ నిరక్షరాస్యులైన రైతులను పరిహసింపలేదు. వారినే గురువులుగా నెంచి, వారి సేద్యమును కొన్ని సంవత్సరములు శ్రద్ధతో నేర్చుకొనెను. పైరును పట్టు పురుగులు కూడ తనకు గురువులే యని ఆయన తలంచెను. ఏలయన, సేద్యములో ఎక్కడ లోపమున్నదో అవి చూపునని ఆయన విశ్వాసము. నేల ఆరోగ్యముగ నున్న పైరును, ఆ పైరును మేయు పశువును ఆరోగ్యముగ నుండునను నిశ్చయమునకు ఆయన క్రమముగా వచ్చెను.

కాని పూసాలో పరిశోధన శాఖలుగా విభజింపబడి యుండెను. వృక్షములు ఒకరివి, పురుగులు వేరొకరివి, మట్టి మరియొకరిది. నేలను, పైరును, పశువును కలిపి పరిశీలింపగోరిన హోవర్డునకు ఈ ఏర్పాటు నచ్చలేదు. 1924లో ఆయన ఇందూరు చేరి, అచట స్థాపింపబడిన వృక్షపరిశోధన సంస్థకు అధ్యక్షుడయ్యెను. ఇందూరు ప్రాంతము ప్రత్తి పండు నల్లరేగడి నేల. అచటి రైతులు పేడలో చాల భాగమును పిడకలుగా చేసి పొయ్యిలో కాల్చుచుండిరి. ఆకులలములు వృథా అగుచుండెను. చైనాదేశపు రైతులు మాత్రము వేలకొలది సంవత్సరములుగా చెత్తనంతను ఎరువుగా మార్చి, అవే పొలములను పండించుకొనుచుండిరి. ఈ విషయమును కింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుని గ్రంథమునుండి హోవర్డు గ్రహించెను. ఇక్కడి రైతుల యనుభవమును, చైనా రైతుల యనుభవమును శాస్త్రముతో జోడించుటకు ఆయన పూనుకొనెను.

యశ్వంత్ వాడ్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు ఆయనకు కుడిభుజమై నిలిచెను. వారు కనుగొన్న పద్ధతికి ఇందూరు పద్ధతియని పేరు వచ్చెను. ప్రత్తికట్టె, కందికంప వంటి గట్టి వస్తువులను బండ్ల దారిలో పరచి చక్రములక్రింద నలుగజేయుదురు. వానిని, ఆకులను, గడ్డిని పశువుల కొట్టములో పరచి, మూత్రముతో తడిసినపిదప తీయుదురు. 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు గల లోతు తక్కువ గోతులలో ఈ చెత్తను, పేడను, కొట్టపు మట్టిని, కట్టెల బూడిదను పొరలు పొరలుగా వేసి తడుపుదురు. చెత్త మూడు పాళ్ళు, పశువుల ఎరువు ఒక పాలు ఉండవలెను. కొలదిరోజులలోనే కుప్ప చేయి పెట్టలేనంతగా వేడెక్కును. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ చెత్తను తినుచు చేయు పనియే ఆ వేడికి కారణము. వానికి గాలియు, తేమయు రెండును కావలెను. అందుచే కుప్పను మూడుమారులు తిరుగవేయుదురు. సుమారు 90 దినములకు చెత్త నల్లని పొడివంటి ఎరువగును. చెత్తను కుళ్ళకముందే పొలములో వేసినచో సూక్ష్మజీవులు దానిని కుళ్ళజేయుటకు నేలలోని నత్రజనిని లాగుకొనును, పైరు పసుపుబారును. కావున కుళ్ళుట గోతిలోనే ముగియవలెను.

1930లో గాబ్రియెల్ మరణించెను. మరుసటి సంవత్సరము హోవర్డు వాడ్‌తో కలిసి తమ పద్ధతిని వివరించు గ్రంథమును ప్రకటించి, 26 సంవత్సరముల సేవానంతరము భారతదేశమును విడిచెను. 1934లో ఆయనకు సర్ బిరుదము లభించెను. 1935లో మహాత్మాగాంధీ తన హరిజన్ పత్రికద్వారా ఇందూరు పద్ధతిని పాఠకులకు పరిచయము చేసెను. 1939లో ఆచార్య అను శాస్త్రజ్ఞుడు బెంగుళూరులో పట్టణపు చెత్తకు తగిన వేరొక పద్ధతిని రూపొందించెను. 1940లో హోవర్డు తన జీవితానుభవమునంతను ఒక గ్రంథముగా వెలువరించెను. రసాయనపు ఎరువులనే నమ్ముకొనుట ప్రమాదమని ఆయన అందు వాదించెను. పలువురు శాస్త్రజ్ఞులు ఆయనను తీవ్రముగా విమర్శించిరి. అయినను తన వాదమును విడువక, 1947 అక్టోబరు 20వ తేదీన ఆయన కన్నుమూసెను.

హోవర్డు చెప్పినవన్నియు తరువాతివారు అంగీకరింపలేదు. తెగుళ్ళకు కారణములు పెక్కు; మంచి ఎరువొక్కటియే అన్నింటిని తొలగించునని రుజువు కాలేదు. రసాయనపు ఎరువులను పూర్తిగా విడువవచ్చునా యను చర్చయు నేటికిని ముగియలేదు. కాని నేలలో జీవపదార్థము తరిగినచో ఎంత ఎరువు వేసినను తగిన ఫలము దక్కదని నేడు శాస్త్రజ్ఞులు ఒప్పుకొనుచున్నారు.

విద్యార్థులారా! ఆయన పద్ధతిని పరీక్షించుటకు పెద్ద పొలము అక్కరలేదు. పెరటిలో ఒక మూలనున్న చిన్న గోయి చాలును. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నము, కాఫీపిప్పి ఒక పాలు, ఎండుటాకులు మూడు పాళ్ళు వేసి, నడుమనడుమ కొంత పేడయు, మట్టియు చల్లవలెను. కుప్ప పిండిన గుడ్డవలె తడిగా నుండవలెను, నీరు నిలువరాదు. అప్పుడప్పుడు తిరుగవేయనిచో గాలి ఆడక దుర్గంధము పుట్టును. నగరముల పెద్ద చెత్తగుట్టలలో జరుగునది అదియే. అచట మీథేను అను చెడుగాలి పుట్టి వాతావరణమును వేడెక్కించుచున్నది. మీ గోతిలోని ఎరువు తొలకరి వాన తడిపిన మట్టివలె కమ్మగా వాసన వేసినప్పుడు అది సిద్ధమైనదని తెలిసికొనుడు. దానిని వంగ, బెండ, టమాటా మడులకు వేయుడు. వంటయింటినుండి పోయినది కొన్ని మాసములకు కూరగాయయై వంటయింటికే తిరిగివచ్చును.