ఐరిష్ భాషా సేవకుడు డాక్టర్ డగ్లస్ హైడ్

కోల్పోయిన స్వాతంత్ర్యాన్ని తిరిగి సంపాదించుకొన్న జాతుల కథలు చరిత్రలో అనేకం కలవు. కాని కోల్పోయిన భాషను తిరిగి సంపాదించుకొనడం అంతకంటె కష్టసాధ్యమైన కార్యం. రాజ్యాధికారం ఒక ఒప్పందంతో చేతులు మారవచ్చును. భాషను మాత్రం ప్రతి ఇంటిలోను, ప్రతి శిశువు నాలుకమీదను మరల ప్రతిష్ఠించవలసి ఉంటుంది. ఇట్టి మహాకార్యానికి తన జీవితాన్ని ధారపోసిన మహనీయుడు, ఐర్లండు దేశపు ప్రథమాధ్యక్షుడు డాక్టర్ డగ్లస్ హైడ్.

హైడ్ 1860 జనవరి 17వ తేదీన రాస్‌కామన్ జిల్లాలోని కాసిల్‌రే పట్టణంలో జన్మించారు. తండ్రి ప్రొటెస్టెంటు శాఖకు చెందిన మతాచార్యులు. దేశంలో అత్యధికులు కాథలిక్కులు కాగా ప్రొటెస్టెంటులు అల్పసంఖ్యాకులు. వారి ఇండ్లలో వ్యవహారభాష ఇంగ్లీషు. 1867లో తండ్రికి ఫ్రెంచ్‌పార్క్ ప్రాంతంలో ఉద్యోగం లభించడంతో కుటుంబం అచ్చటికి తరలిపోయింది. అనారోగ్యం కారణంగా హైడ్ బడి చదువు కొద్ది దినాలతోనే ముగిసింది. తండ్రి ఇంటివద్దనే ఆయనకు చదువు చెప్పారు.

ఇంటి వెలుపల ఆయనకు వేరొక గురువు లభించాడు. అతడు షేమస్ హార్ట్ అనే వేటభూముల కావలివాడు. పొలాల వెంబడి, బురదనేలల వెంబడి తిరుగుతూ ఆ వృద్ధుడు చెప్పిన కథలను, పాడిన పాటలను హైడ్ శ్రద్ధతో విన్నారు. ఆ పేదవాని భాష ఐరిష్. అక్షరక్రమం తెలియకపోయినా, చెవికి వినిపించినట్లుగా ఇంగ్లీషు అక్షరాలతో ఆ మాటలను వ్రాసుకొన్నారు. పదునాలుగేండ్ల ప్రాయంలోనే ఆ భాషలో దినచర్య వ్రాయడం ఆరంభించారు. 1875లో హార్ట్ మరణించినప్పుడు, తన గురువును మాత్రమే గాక ఆ భాషకు ఆధారమైన ఒక తరాన్నే కోల్పోతున్నట్లు బాలుడైన హైడ్‌కు తోచింది.

ఆ భయం నిరాధారమైనది కాదు. ఒకప్పుడు ఐర్లండు అంతటా వ్యవహారంలో ఉండిన ఐరిష్ భాష ఆంగ్లేయ పరిపాలనలో రాజసభలనుండి, న్యాయస్థానాలనుండి తొలగిపోయి పల్లెలకు పరిమితమయింది. 1831లో ఏర్పడిన జాతీయ పాఠశాలలలో బోధన ఇంగ్లీషులోనే సాగింది. బిడ్డలు ఇంట ఐరిష్ పలికినపుడెల్ల మెడకు వ్రేలాడదీసిన కర్రమీద గాటు పెట్టి, గాట్ల లెక్కనుబట్టి బడిలో దండించే ఆచారం కొన్ని చోట్ల ఉండేది. 1845లో ఆరంభమైన ఘోరక్షామంలో సుమారు పదిలక్షలమంది మరణించారు. మరి పదిలక్షలమంది దేశం విడిచిపోయారు. క్షామం ఎక్కువగా బాధించినది ఐరిష్ మాట్లాడే నిరుపేద జనాన్నే. 1851 జనాభా లెక్కలలో సుమారు 15 లక్షలుగా ఉన్న ఐరిష్ భాషీయులు 1891 నాటికి 6 లక్షల 80 వేలకు తగ్గిపోయారు. అమెరికాకు పోయి బ్రతకవలసిన బిడ్డకు ఇంగ్లీషే అన్నం పెట్టే భాష అని తల్లిదండ్రులు తలచారు. భాషను చంపినది రాజశాసనం ఒక్కటే కాదు. దారిద్ర్యం, దానితోపాటు తమ మాట తమకే చిన్నతనంగా తోచే మనఃస్థితి కూడా.

హైడ్ 1880లో డబ్లిన్ నగరంలోని ట్రినిటీ కళాశాలలో ప్రవేశించారు. లాటిన్, గ్రీకు, హీబ్రూ, ఫ్రెంచి, జర్మను భాషలు నేర్చారు. న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందారు. అయినా న్యాయవాదవృత్తిలోగాని, తండ్రి కోరిన మతాచార్యపదవిలోగాని ఆయన మనస్సు నిలువలేదు. పల్లెపల్లెకు తిరిగి జానపద కథలను, గీతాలను సేకరించారు. 1890లో ఒక కథాసంకలనాన్ని, 1893లో కొనాక్ట్ ప్రాంతపు ప్రణయగీతాల సంకలనాన్ని ప్రకటించారు. 1892 నవంబరులో డబ్లిన్ నగరంలో ఆయన చేసిన ప్రసంగం దేశాన్ని మేల్కొలిపింది. పరులను ద్వేషిస్తూనే అన్నిటా వారినే అనుకరించే జాతి చివరకు ఎటూ చెందకుండా పోతుందని ఆయన హెచ్చరించారు.

మరుసటి ఏడు, 1893 జులై 31వ తేదీన, ఓయిన్ మక్‌నీల్ మొదలైన మిత్రులతో కలసి గేలిక్ లీగును స్థాపించారు. దానికి హైడ్ ప్రథమాధ్యక్షులు. అంతకుముందు ఐరిష్‌ను గురించి శ్రమించినవారిలో పలువురు దానిని ప్రాచీన వ్రాతప్రతుల భాషగా చూచారు. లీగు దానిని జీవద్భాషగా చూచింది. రాత్రి తరగతులు పెట్టింది, పత్రికలు నడిపింది, సంచారోపాధ్యాయులను సైకిళ్ళపై పల్లెలకు పంపింది. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, దుకాణాలలో పనిచేసే యువతీయువకులు దినమంతా పనిచేసి సాయంకాలం పలకా బలపం పట్టినట్లుగా తమ తాతల భాషను మొదటినుండి నేర్చుకొన్నారు.

1899లో మాధ్యమిక విద్యను గూర్చి ఏర్పడిన విచారణ సంఘం ఎదుట హైడ్ చేసిన పోరాటం చిరస్మరణీయమైనది. ఐరిష్ సాహిత్యానికి విలువ లేదనియు, పాఠశాలలలో దానికి స్థానం అనవసరమనియు ట్రినిటీ కళాశాలకు చెందిన ఆచార్యులే సాక్ష్యం చెప్పారు. హైడ్ ఆవేశపడలేదు. జర్మనీ మున్నగు దేశాల భాషాశాస్త్రజ్ఞులకు లేఖలు వ్రాసి, ఆ సాహిత్యం ప్రశస్తిని గూర్చి వారి అభిప్రాయాలను తెప్పించి సంఘం ముందుంచారు. ఐరిష్ పాఠ్యవిషయంగా నిలిచింది. అదే సంవత్సరం ఆయన బృహద్గ్రంథం, ఐర్లండు సాహిత్య చరిత్ర, వెలువడింది. 1905, 1906 సంవత్సరాలలో అమెరికాలో పర్యటించి లీగుకు 50 వేల డాలర్లకు పైగా విరాళాలు సేకరించారు. ఆ సమయంలోనే శాన్‌ఫ్రాన్సిస్కో నగరం భూకంపానికి గురికాగా, అందుండి 5 వేల డాలర్లు బాధితుల సహాయానికై ఇచ్చివేశారు.

1909లో హైడ్ డబ్లిన్ విశ్వవిద్యాలయ కళాశాలలో ఆధునిక ఐరిష్ ఆచార్యులై 1932 వరకు బోధించారు. భాష ఏ పక్షానికీ, ఏ మతానికీ సొత్తు కాదని ఆయన దృఢవిశ్వాసం. లీగులో కాథలిక్కులు, ప్రొటెస్టెంటులు ఒకే బల్లపై కూర్చొని చదువుకొన్నారు. 1915లో లీగు రాజకీయ స్వాతంత్ర్యాన్ని తన ఆశయాలలో చేర్చుకొన్నప్పుడు, ఇరువదిరెండేండ్లుగా తాను పెంచిన సంస్థ అధ్యక్షపదవిని ఆయన విడిచిపెట్టారు. మరుసటి సంవత్సరం జరిగిన తిరుగుబాటు నాయకులలో అనేకులు ఆ లీగు తరగతులలో పెరిగినవారే కావడం చరిత్రలోని వైచిత్రి.

1937 నాటి రాజ్యాంగం ఐరిష్‌ను జాతీయభాషగాను, ప్రథమ అధికారభాషగాను ప్రకటించింది. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు మాతృక ఆ రాజ్యాంగమే. దాని ప్రకారం 1938లో దేశాధ్యక్షుని ఎన్నుకొనవలసివచ్చినపుడు అన్ని పక్షాలు ఏకగ్రీవంగా ఎన్నుకొన్నది డెబ్బది ఎనిమిదేండ్ల హైడ్‌ను. కాథలిక్కుల దేశానికి ప్రొటెస్టెంటు ప్రథమాధ్యక్షుడయ్యారు. బాల్యంలో కావలివాని నోట విన్న రాస్‌కామన్ మాండలికంలోనే ఆయన ప్రమాణం చేశారు. ఆ మాండలికానికి మిగిలిన కొలది ధ్వనిముద్రణలలో ఆ ప్రమాణం ఒకటి. నేడు దానిని మాట్లాడేవారు లేరు.

1940లో పక్షవాతం సోకినా, చక్రాల కుర్చీలోనే 1945 వరకు పదవి నిర్వహించి, 1949 జులై 12వ తేదీన హైడ్ పరమపదించారు. ప్రభుత్వ లాంఛనాలతో డబ్లిన్ నగరంలోని సెయింట్ పాట్రిక్ ప్రధానాలయంలో ప్రార్థన జరిగింది. అన్యశాఖ ఆలయంలో ప్రార్థనకు పోరాదన్న నాటి కాథలిక్కు నియమం వలన మంత్రులలో దాదాపు అందరూ ఆలయం వెలుపల కార్లలోనే కూర్చున్నారు. భాషలో ఏకం చేయగలిగిన జనాన్ని ఆయన మరణం కూడా ఆ గుమ్మం దాటించలేకపోయింది.

మరి ఆయన సేవించిన భాష నేడు ఏ స్థితిలో ఉన్నది? 2022 జనాభా లెక్కల ప్రకారం ఐర్లండు రిపబ్లిక్‌లో 18 లక్షల 74 వేలమంది, అనగా నూటికి నలుబదిమంది, తమకు ఐరిష్ వచ్చునని చెప్పారు. వారిలో సగానికి పైగా బాగుగా మాట్లాడలేమని కూడా చెప్పారు. ప్రతిదినం మాట్లాడేవారు 6 లక్షల 24 వేలు. కాని వారిలో 5 లక్షల 54 వేలమంది తరగతి గదిలో మాత్రమే మాట్లాడుతారు. బడి వెలుపల నిత్యం ఆ భాషలో జీవించేవారు సుమారు 72 వేలమంది. గేల్టక్ట్ అని పిలువబడే ఐరిష్ భాషా ప్రాంతాలలో సైతం, లక్షకు మించిన జనాభాలో, అట్టివారు 20 వేలకు కొంచెం ఎక్కువ. ఉత్తర ఐర్లండులో 2021 లెక్కల ప్రకారం నూటికి పన్నెండుగురికి ఈ భాష కొంతైనా తెలియును.

ఈ అంకెలు రెండు సత్యాలను చెబుతున్నాయి. హైడ్ పూనుకొనకపోయినచో ఐరిష్ నేడు వస్తుప్రదర్శనశాలలో ఉండేది. ఆ భాషకు నేడు 1972లో నెలకొన్న రేడియో, 1996లో ఆరంభమైన టెలివిజన్ ఉన్నవి. ఐరిష్ మాధ్యమ పాఠశాలలు ఉన్నవి. 2007 నుండి ఐరోపా సమాజంలో అధికారభాషా గౌరవం ఉన్నది. అయినా, గౌరవం వేరు, వ్యవహారం వేరు. బడి ఒక భాషను నేర్పగలదు. దానిని బ్రతికించవలసినది మాత్రం ఇల్లు, అంగడి, వీధి. హైడ్‌కు ఆ భాషను ఇచ్చినది కళాశాల కాదు, కావలివాడు.

ఉర్దూ, తెలుగు ప్రక్కప్రక్కనే వినిపించే ఈ కళాశాలలో చదివే విద్యార్థులకు ఆయన జీవితం దగ్గరిది. ఉమర్ ఆలీషా తెలుగు కావ్యాలు రచించారు. రఘుపతి సహాయ్ ఫిరాఖ్ ఉర్దూ కవిత్వానికి వన్నె తెచ్చారు. భాషకు మతం లేదు, దానిని ప్రేమించినవారే దానికి వారసులు. పరీక్షలో ఉత్తీర్ణులైననాడే మన భాషపట్ల మన బాధ్యత తీరిపోదు. చదువురాని మన ఇంటి పెద్దల మాటలలో, సామెతలలో, పాటలలో ఉన్న సంపద వారితోనే అంతరించిపోకముందే దానిని మన నోటికి తెచ్చుకొనవలెను. డగ్లస్ హైడ్‌కు మనం అర్పించగల నివాళి అదే.