జాన్ హంటర్: ఒక కాలువకు పేరైన శస్త్రవైద్యుడు

1956లో నెలకొన్న మన కర్నూలు వైద్య కళాశాలలోనైనా, మరెక్కడైనా, శరీరనిర్మాణము చదివే విద్యార్థికి తొడలో ‘హంటర్ కాలువ’ అనే సన్నని మార్గము కనిపిస్తుంది. తొడ ధమని దాని గుండానే మోకాలి వైపు దిగుతుంది. ఆ పేరు వెనుక ఒక గొప్ప జీవితము ఉన్నది.

జాన్ హంటర్ 1728 ఫిబ్రవరి 13న స్కాట్లండులో ఒక రైతు ఇంట పదిమంది సంతానములో కడగొట్టువాడుగా జన్మించినాడు. పదమూడవ ఏట తండ్రి గతించినాడు. బడిచదువు అబ్బలేదు. 1748లో లండను చేరి, అన్న విలియం నడిపే శరీరనిర్మాణ పాఠశాలలో సహాయకుడైనాడు. పుస్తకమునకు లొంగని బుద్ధి అక్కడ ప్రత్యక్ష పరిశీలనలో వికసించినది. 1760లో సైనిక శస్త్రవైద్యుడైనాడు; 1768లో సెయింట్ జార్జి ఆసుపత్రిలో పదవి పొందినాడు. మశూచి టీకాతో ప్రసిద్ధుడైన జెన్నర్ అతని శిష్యుడే.

ధమని గోడ బలహీనపడి బుడగవలె ఉబ్బుటను అన్యూరిజం అంటారు. అది పగిలితే ప్రాణాపాయము. మోకాలి వెనుక ఇది వస్తే, ఆనాటి వైద్యులు కాలు తీసివేసేవారు. లేదా ఉబ్బునే కోసి, ధమనిని అక్కడే కట్టేవారు. రోగగ్రస్తమైన గోడ కట్టును భరించలేక తెగి, రోగి రక్తస్రావముతో మరణించుట తరచు జరిగేది.

కె.సి. కాలువ గట్టు ఒకచోట కరిగి గండి పడబోతుంటే, ఎగువన గట్టిగా ఉన్నచోట నీటిని ఆపుట వివేకము. హంటర్ ఆలోచన అటువంటిదే. 1785 డిసెంబరులో, మత్తుమందు లేని ఆ కాలమున, నలుబదియైదేండ్ల బండివాని తొడలో ధమనిని ఆరోగ్యముగా ఉన్నచోట కట్టినాడు. పక్కనున్న చిన్న నాళములు విస్తరించి పాదమునకు రక్తము అందించినవి. ఉబ్బు కుంచించుకొనిపోయినది. ఆరు వారములకు రోగి తన కాళ్లతోనే ఇంటికి వెళ్లినాడు. 1787లో అతడు జ్వరముతో మరణించగా, హంటర్ ఆ కాలును పరీక్షించి తన చికిత్సా ఫలితమును కన్నులారా చూచినాడు.

అతని జ్ఞానదాహమునకు చీకటి కోణము కూడ ఉన్నది. చార్లెస్ బర్న్ అనే మహాకాయుడు తన దేహమును సముద్రములో కలపమని కోరుకొన్నాడు. 1783లో అతడు మరణించగా, హంటర్ ఆ కోరికను లెక్కచేయక అస్థిపంజరమును సంపాదించినాడు. లండనులోని హంటర్ ప్రదర్శనశాల 2023లో తిరిగి తెరచినప్పుడు దానిని ప్రదర్శన నుండి తొలగించినారు. విజ్ఞానము ఎంత గొప్పదైనను మనిషి ఇష్టమును మీరరాదని ఆ ఖాళీ స్థలము చెబుతున్నది.

1793 అక్టోబరు 16న, ఆసుపత్రి సమావేశములో జరిగిన వివాదము నడుమ, గుండెజబ్బుతో హంటర్ మరణించినాడు.

అతని పద్ధతికి ఒక హద్దు ఉన్నది: కట్టుటకు ఆరోగ్యమైన చోటు దొరకాలి. 1896లో పారిస్ వైద్యుడు మర్ఫాన్ పొడవైన సన్నని కాళ్లు, చేతులు గల ఒక బాలికను వర్ణించినాడు. అతని పేరుతో పిలిచే వ్యాధిలో సంయోజక కణజాలమే పుట్టుకతో బలహీనము. గుండె నుండి వెలువడే బృహద్ధమని మొదలే ఉబ్బుతుంది. దానిని కట్టివేస్తే దేహమునకు రక్తమే ఉండదు. అందుచేత ఆ భాగమును తీసి, కృత్రిమ నాళమును కుట్టవలసి వచ్చినది. కవాటముతో సహా అట్లు మార్చే పద్ధతిని 1968లో లండనులో బెంటాల్, డి బోనోలు ప్రకటించినారు.

సాధనములు మారినవి. కాని కత్తి పట్టకముందు వ్యాధి స్వభావమును, దేహము తనను తాను కాపాడుకొనే తీరును తెలుసుకొనవలెనన్న హంటర్ పాఠము మారలేదు.