రెండు పద్ధతుల చదరంగము

జంగారెడ్డిగూడెము మొదలు కొల్లేటి తీరము వరకు బడిపిల్లలు నేడు ఆడు చదరంగము అంతర్జాతీయ నిబంధనలది. పూర్వము మన దేశమున వేఱు పద్ధతి వాడుకలో నుండెను. అందు బంటు తొలి ఎత్తున సైతము ఒక్క గడియే నడచును. రాజునకు కాస్లింగు లేదు, ఒక్కమాఱు గుఱ్ఱపుటెత్తు మాత్రము చెల్లును.

ఈ పద్ధతిలో పెరిగినవాడు మీర్ సుల్తాన్ ఖాన్. ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో పంజాబునందలి మిఠా టివానాలో జన్మించి, బాల్యముననే తండ్రి వద్ద ఆట నేర్చెను. యౌవనమున, భూస్వామి సర్ ఉమర్ హయాత్ ఖాన్ ఆశ్రయములో, యూరపు నిబంధనలను కొత్తగా అభ్యసింపవలసివచ్చెను. చేతికి అలవడిన ఎత్తులు కొన్ని ఇచట చెల్లవు. రెండు పద్ధతులను ఒకే పలకపై కలిపినచో ఆట సాగదు. అందుచే అతడు పాత నిబంధనలను విడిచెను. వానివలన అబ్బిన ఓర్పును విడువలేదు. ఆరంభపుటెత్తులలో వెనుకబడినను, ఆట ముగింపున తన బలము చూపెడివాడు.

1929లో ఇంగ్లండు చేరిన కొలది నెలలకే బ్రిటిషు ఛాంపియన్‌షిప్పు గెలిచెను. 1932, 1933లలో మరల గెలిచెను. 1930-31 హేస్టింగ్సు పోటీలో మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకాను ఓడించెను. పిమ్మట స్వదేశమునకు మరలి, పోటీలకు దూరమై, 1966లో సర్గోధాలో మరణించెను.

కొల్లేటికి చేరువనున్న గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండుమాస్టరయ్యెను. సుల్తాన్ ఖానునకు ఆ బిరుదు గౌరవార్థము లభించినది 2024లో మాత్రమే.

ఆటకు ముందే నిబంధన ఏదియో నిర్ణయించుకొనవలెను. ఆట మొదలైన పిదప, ఎచట నేర్చిన నేర్పయినను అక్కరకు వచ్చును.