వివేకానందుడి అలవాట్లు: రాయ్‌పూర్ ఎడ్లబండి నుంచి బేలూరు గంట దాకా

నాగ్‌పూర్ వైపు నుంచి రాయ్‌పూర్ నగరంలోకి వచ్చేవారికి మొదట తగిలే పెద్ద కూడలి టాటీబంధ్. ఇవాళ అక్కడ ఎయిమ్స్ ఆసుపత్రి, ఫ్లైఓవర్, తెగని లారీల వరుస కనిపిస్తాయి. అక్కడి నుంచి జీఈ రోడ్డు మీద ఊళ్లోకి వెళ్తుంటే దారిలోనే వివేకానంద ఆశ్రమం. ఇంకా ముందుకెళ్తే బూఢాతలాబ్ చెరువు మధ్య ఆయన విగ్రహం. 2012 నుంచి ఊరి విమానాశ్రయానికీ ఆయన పేరే. ఒక నగరం ఇంతగా ఆ పేరు తలుచుకోవడానికి కారణం వింటే చిన్నదిగానే అనిపిస్తుంది. 1877లో పద్నాలుగేళ్ల బెంగాలీ కుర్రాడొకడు తండ్రి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి సుమారు రెండేళ్లు ఉన్నాడు.

ఆ కుర్రాడి మాటలు ఇప్పుడు దేశమంతా గోడల మీద ఉన్నాయి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, వాట్సాప్ స్టేటస్‌లు, వ్యక్తిత్వ వికాస పుస్తకాల అట్టలు... ఎక్కడ చూసినా కాషాయ తలపాగా, చేతులు కట్టుకున్న ఫొటో, పక్కన నాలుగు ముక్కల సందేశం. వాటిలో ఆయనవి కానివీ చాలానే తిరుగుతుంటాయి. అందుకే కాసేపు మాటలు పక్కనపెట్టి మనిషిని చూడటం మంచిది. పోస్టర్‌లో కనిపించే నిబ్బరం ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. ఇంట్లోవాళ్లు కొంత దిద్దారు, దారిలో కలిసినవాళ్లు కొంత దిద్దారు, మిగతాది ఆయనే దిద్దుకున్నాడు. కొన్ని చివరిదాకా దిద్దుబాటు కాలేదు కూడా.

నరేంద్రనాథ్ దత్త 1863 జనవరి 12న కలకత్తాలో పుట్టాడు. తండ్రి విశ్వనాథ్ దత్త హైకోర్టు అటార్నీ, తల్లి భువనేశ్వరీ దేవి. పిల్లాడికి కోపం వస్తే ఇల్లు పీకి పందిరేసేవాడు, చేతికందిన వస్తువు పగలాల్సిందే. తల్లి కనిపెట్టిన మందు ఒకటే. నెత్తిన చన్నీళ్లు కుమ్మరించి చెవిలో శివనామం చెప్పేది. శివుణ్ని కొడుకునిమ్మని వేడుకుంటే తన భూతగణంలో ఒకణ్ని పంపాడని వాపోయేదట.

తండ్రి పద్ధతి వేరు. ఒకసారి నరేన్ తల్లిని ఏదో దురుసు మాట అన్నాడు. విశ్వనాథ్ తిట్టలేదు, కొట్టలేదు. నరేన్ స్నేహితులు వచ్చి కూర్చునే గది తలుపు మీద, ఇవాళ నరేన్ బాబు తల్లిని ఫలానా మాట అన్నాడని బొగ్గుతో రాసిపెట్టాడు. వచ్చిన ప్రతి స్నేహితుడూ అది చదివాడు. ఈ కాలం తల్లిదండ్రులు దీన్ని ఒప్పుకుంటారా అన్నది వేరే చర్చ. ఆ పిల్లాడికి మాత్రం అది జీవితాంతం గుర్తుంది. తన గురించి తాను ఏమనుకున్నా, తాను చేసింది ఎదురుగా రాసి ఉంటే తప్పించుకునే దారి ఉండదు.

రాయ్‌పూర్‌కు అప్పటికి రైలు లేదు. జీవితచరిత్రల ప్రకారం కుటుంబం నాగ్‌పూర్ దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి రెండు వారాలకు పైగా ఎడ్లబండి మీద అడవుల్లో ప్రయాణించింది. దారిలో రెండు కొండల మధ్య చీలికలో వేలాడుతున్న పెద్ద తేనెపట్టును చూస్తూ నరేన్ బయటి ప్రపంచాన్ని మరిచిపోయాడు. ఎంతసేపు అలా ఉన్నాడో అతనికే తెలియదు. తెలివి వచ్చేసరికి బండి చాలా దూరం వచ్చేసింది. తర్వాతి కాలంలో ఆయన ఏకాగ్రత గురించి చెప్పుకునే కథలన్నిటికీ మొదలు ఇదే.

బడి లేని రెండేళ్లు

రాయ్‌పూర్‌లో నరేన్ బడికి వెళ్లలేదు. కలకత్తాలో ఆరోగ్యం దెబ్బతిన్న పిల్లాడు ఇక్కడ కోలుకున్నాడు, చదువంతా తండ్రి దగ్గరే సాగింది. విశ్వనాథ్ పాఠం అప్పజెప్పించుకునే రకం కాదు. ఏదో ఒక విషయం ఎత్తుకుని కొడుకును వాదనలోకి దింపేవాడు. ఇంటికి వచ్చే పండితుల మధ్య కూర్చోనిచ్చేవాడు, నోరు విప్పనిచ్చేవాడు. వంట కూడా నరేన్ తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో, ఇంగ్లండ్‌లో తనకు ఆతిథ్యం ఇచ్చినవారి వంటగదుల్లో ఆయన మసాలాలు నూరి, కారాలు దట్టించి వండిపెట్టడం వెనుక ఆ ఇంటి పొయ్యి ఉంది. చదరంగం కూడా ఇక్కడే అబ్బిందంటారు.

ఈ స్వేచ్ఛకు ఒక దుష్ఫలితమూ ఉంది. తెలివిని మెచ్చుకోకపోతే నరేన్‌కు ఒళ్లు మండేది. చిన్నపిల్లాడని పెద్దలెవరైనా తేలిగ్గా తీసిపారేస్తే, వాళ్లు తండ్రి స్నేహితులైనా సరే, ముఖం మీదే కడిగేసేవాడు. విశ్వనాథ్ లోలోపల మురిసిపోతూనే నలుగురిలో కొడుకును మందలించేవాడు. ఆత్మగౌరవానికీ అహంకారానికీ మధ్య గీత ఎక్కడో ఆ అబ్బాయికి తెలియని వయసు అది. ఆ గీతను వెతుక్కోవడానికి అతనికి ఇంకో పదిహేనేళ్లు పట్టింది.

1879లో కుటుంబం కలకత్తా తిరిగి వెళ్లింది. రెండేళ్లు బడికి దూరమైన పిల్లాణ్ని చేర్చుకోవడానికి స్కూలు మొదట వెనకాడింది. చేరాక మూడేళ్ల చదువు ఒక్క ఏడాదిలో చదివి ఎంట్రెన్స్ పరీక్షలో ఫస్ట్ డివిజన్ తెచ్చుకున్నాడు. పరీక్ష ముంగిట జామెట్రీ అసలు ముట్టుకోలేదని గుర్తొచ్చి, రాత్రంతా మేలుకుని 24 గంటల్లో నాలుగు పుస్తకాలు పూర్తి చేశాడు. ఈ కథను ఆదర్శంగా చెబుతుంటారు కానీ, నిజానికి ఇది వాయిదా వేసే అలవాటు ఉన్న కుర్రాడి కథ. కాలేజీలో పాఠ్యపుస్తకాల కన్నా తత్వశాస్త్రం, చరిత్ర, సంగీతం, కుస్తీ మీదే మనసు. అక్కడ పరీక్షల్లో వచ్చిన మార్కులు గొప్పవేమీ కావు.

1884 ఫిబ్రవరిలో తండ్రి హఠాత్తుగా పోయాడు. మిగిలింది అప్పులు. బంధువులు ఇంటి కోసం కోర్టుకెక్కారు. బీఏ చదివిన నరేన్ ఉద్యోగ దరఖాస్తు పట్టుకుని ఎండలో చెప్పుల్లేకుండా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఇంట్లో అందరికీ సరిపడా తిండి లేదని తెలిసిన రోజుల్లో, బయట భోజనానికి పిలిచారని తల్లికి అబద్ధం చెప్పి పస్తున్నాడు. కొన్నాళ్లు చేసిన టీచరు ఉద్యోగం, పాఠం చెప్పడం సరిగా రాదన్న ఫిర్యాదుతో పోయిందంటారు. ప్రపంచానికి పాఠం చెప్పిన మనిషిగా ఆయన్ను తలుచుకునేవారు ఈ సంగతి పెద్దగా ఎత్తరు.

దారిలో దిద్దినవాళ్లు

గురువు రామకృష్ణ పరమహంస 1886లో మరణించాక నరేన్ సన్యాసం తీసుకున్నాడు. తర్వాతి ఏళ్లలో దేశమంతా తిరిగాడు. ఆ తిరుగుళ్లలో ఆయనకు పాఠం చెప్పినవారిలో పండితుల కన్నా మామూలు మనుషులే ఎక్కువ.

1888లో బృందావనం వెళ్లే దారిలో ఒకతను రోడ్డు పక్కన కూర్చుని చిలుం పీలుస్తున్నాడు. అలసిన సన్యాసి ఒక దమ్ము ఇమ్మని అడిగాడు. అతను తాను పాకీపని చేసే కులంవాడినని చెప్పి వెనక్కి తగ్గాడు. వివేకానందుడు అలవాటుగా ముందుకు నడిచాడు. కొంత దూరం వెళ్లాక ఆగాడు. కులం, కుటుంబం అన్నీ వదిలేశానని ప్రమాణం చేసిన తన కాళ్లు ఎందుకు ముందుకు నడిచాయో అర్థమైంది. వెనక్కి వెళ్లి, అతను వద్దంటున్నా వినకుండా అదే చిలుం అందుకుని పీల్చాడు. కులం తప్పని పుస్తకంలో చదవడం, ఉపన్యాసంలో చెప్పడం ఒక ఎత్తు. నరాల్లోకి ఇంకిన అలవాటును నడిరోడ్డు మీద పట్టుకోవడం మరో ఎత్తు.

ఖేత్రీ రాజా అజిత్ సింగ్ ఏర్పాటు చేసిన కచేరీలోనూ అలాంటిదే జరిగింది. పాడేది నర్తకి అని తెలిసి, సన్యాసి అక్కడ కూర్చోకూడదని ఆయన లేచి వెళ్లిపోయాడు. ఆమె నొచ్చుకుని, దేవుడికి మంచీ చెడూ తేడా లేదనే అర్థం వచ్చే సూరదాసు భజన ఎత్తుకుంది. వింటున్న సన్యాసి సిగ్గుపడి తిరిగి వచ్చి కూర్చున్నాడు. అందరిలోనూ దేవుణ్ని చూస్తానంటున్న తాను ఒక స్త్రీని చూసి మొహం తిప్పుకున్న సంగతిని ఆయన తర్వాత దాచుకోలేదు.

చదువులోనూ ఇంతే. జైపూర్‌లో ఒక పండితుడు పాణిని వ్యాకరణంలో మొదటి సూత్రాన్నే మూడు రోజులు వివరించినా ఆయన తలకెక్కలేదు. పండితుడు చేతులెత్తేశాడు. అవమానం అనిపించి ఒంటరిగా గదిలో కూర్చుంటే మూడు గంటల్లో అర్థమైంది. ఈ కథలో అందరూ మూడు గంటలనే చెబుతారు. ఆ ముందు మూడు రోజులు లేకపోతే ఆ మూడు గంటలు ఎక్కడివి?

1893 ఫిబ్రవరిలో హైదరాబాద్ వచ్చాడు. ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో సుమారు వెయ్యిమంది ఎదుట ఇంగ్లిష్‌లో మాట్లాడాడు. పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్లదలచుకున్నాడన్నదే విషయం. అంత పెద్ద సభలో ఆయన మాట్లాడటం దాదాపు అదే మొదలు. తెలుగు నేల మీద వచ్చిన ఆ ధైర్యం షికాగోకు పూర్తిగా చేరలేదు. సెప్టెంబరు 11న సర్వమత సభలో తన వంతు వచ్చిన ప్రతిసారీ తర్వాత మాట్లాడతానని వాయిదా వేశాడు. మిగతావారు ప్రసంగాలు రాసుకుని వచ్చారు, ఆయన దగ్గర కాగితం ముక్క లేదు. గుండె దడదడలాడింది, నాలుక పిడచకట్టుకుపోయింది. ఈ వివరాలు మద్రాసు శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కు రాసిన ఉత్తరంలో ఆయనే చెప్పుకున్నాడు. భయం పోయాక మాట్లాడలేదు, భయంతోనే లేచి నిలబడ్డాడు.

ఒంటితో పేచీ

1896లో వచ్చిన రాజయోగం, కర్మయోగం పుస్తకాల్లో అలవాట్ల గురించి ఆయన చెప్పిన సారాంశం సూటిగా ఉంటుంది. మనిషి స్వభావం అంటే పదే పదే చేసిన పనుల మొత్తం. చెడ్డ అలవాటుకు విరుగుడు పశ్చాత్తాపం కాదు, మరో మంచి అలవాటు. ఇవాళ అలవాట్ల మీద వస్తున్న ఇంగ్లిష్ బెస్ట్ సెల్లర్లు చదివినవారికి ఇది కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే, ఆయన దాన్ని ఎక్కువ సంపాదనకో ప్రమోషన్‌కో సాధనంగా చెప్పలేదు.

కానీ సొంత ఒంటి దగ్గర ఆయన ఓడిపోతూనే ఉన్నాడు. పొగాకు పోలేదు, పచ్చిమిరపకాయల మీద మోజు పోలేదు. మధుమేహం, ఉబ్బసం ముదిరాయి. కోపం కూడా చివరిదాకా ఉంది. తోటి సన్యాసులను కటువుగా తిట్టి, తర్వాత తానే కుమిలిపోయేవాడు. 1901లో కవిరాజు మందు పెట్టి మంచినీళ్లు మానేయమంటే మాత్రం మానేసి పాల మీద గడిపాడు. అదే సమయంలో కొత్తగా కొన్న ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటాలు ఒక్కొక్కటే చదువుతూ పోయాడు. పట్టుదలకు కొదవ లేదు. అది ప్రతి విషయంలోనూ ఒకేలా పనిచేయలేదు, అంతే.

బేలూరు మఠంలో చివరి నెలల్లో ఆయన పట్టు గంట మీద. తెల్లవారుజామున గంట మోగగానే అందరూ లేచి ధ్యానానికి కూర్చోవాలి. రానివారికి ఆ రోజు మఠంలో అన్నం లేదు, ఊళ్లోకి వెళ్లి అడుక్కుని తినాలి. పెద్దా చిన్నా మినహాయింపు లేదు. ఒంట్లో ఓపిక ఉన్న రోజుల్లో ఆయనే అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాడు.

1902 జులై 4న ఉదయం చాలాసేపు ఒంటరిగా ధ్యానం చేశాడు. మధ్యాహ్నం భోజనం అందరితో కలిసి తిన్నాడు. తర్వాత మఠంలోని కుర్రవాళ్లను పిలిచి సుమారు మూడు గంటలు పాఠం చెప్పాడు. ఎంచుకున్నది సంస్కృత వ్యాకరణం, ఒకప్పుడు జైపూర్‌లో మూడు రోజులు తలకెక్కనిది. సాయంత్రం స్వామి ప్రేమానందతో నడకకు వెళ్లొచ్చాడు. రాత్రి తొమ్మిది దాటాక తన గదిలో కన్నుమూశాడు. నలభై ఏళ్లు నిండటానికి ఇంకా ఆరు నెలలు ఉంది.