రసీదు రాసిచ్చిన కోపం

అల్లూరి సీతారామరాజు అనగానే మన జనరేషన్‌కి ముందు సినిమానే గుర్తొస్తుంది. కళ్లల్లో నిప్పులు, చేతిలో విల్లు, వెనకాల భగభగమని మంటలు. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకైతే 1974లో వచ్చిన కృష్ణ గారి సినిమా. ఎందులో చూసినా ఆయన కోపమే హీరో. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం. సోషల్ పుస్తకంలో రంప తిరుగుబాటు అంటే నాలుగైదు లైన్లు, ఒక రెండు మార్కుల ప్రశ్న, అంతే. ఈ సంచిక కోసం తెలుగులో కూడబలుక్కుంటూ ఆయన జీవితం చదివితే ఇంకో మనిషి కనిపించారు. ఆ మనిషికి కోపం బోలెడంత ఉంది, దానికి గట్టి కళ్లెం కూడా ఉంది.

ఆయన పుట్టింది 1897 జూలై 4న, విశాఖ జిల్లా పాండ్రంగిలో. అది అమ్మమ్మగారి ఊరు. నాన్నగారు వెంకటరామరాజు ఫొటోగ్రాఫర్. 1908లో ఆయన పోయేసరికి సీతారామరాజుకి ఇంకా పదకొండేళ్లే. తల్లి సూర్యనారాయణమ్మ, తమ్ముడు, చెల్లి. చిన్నాన్న రామకృష్ణంరాజు సాయంతో చదువు సాగింది గానీ ఒక్కచోట నిలవలేదు. కాకినాడ, నరసాపురం, విశాఖపట్నం, తుని ఇలా ఊళ్లు మారుతూనే ఉన్నారు. 1916లో ఉత్తరదేశ యాత్రకి వెళ్లొచ్చి, 1917లో కృష్ణదేవిపేట చేరుకున్నారు. అక్కడి నుంచి మన్యమే ఆయన ఇల్లు.

అప్పటి మన్యం పరిస్థితి కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే ఆయన కోపానికి మూలం అక్కడుంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైపోయింది. పోడు వేసుకుంటే నేరం, కట్టెలు కొట్టుకుంటే నేరం. దానికి తోడు రోడ్డు పనులు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం వైపు నుంచి కొండల మీదికి రోడ్డు వేయించేటప్పుడు గిరిజనుల చేత వెట్టి చేయించాడు. చెప్పిన కూలి ఒకటి, చేతిలో పడింది ఇంకొకటి. ఎదురు తిరిగితే దెబ్బలు.

మామూలుగా అయితే కథ ఇక్కడే యుద్ధంలోకి దూకాలి. కానీ దూకలేదు! మొదట ఆయన చేసినవన్నీ చాలా నెమ్మది పనులు. తాగుడు మానమని ఊరూరా తిరిగి చెప్పారు. తగాదాలొస్తే కోర్టులకి పోవద్దు, పంచాయితీల్లో తీర్చుకోండి అన్నారు. ఖద్దరు కట్టమన్నారు. అప్పటికి దేశమంతా సహాయ నిరాకరణ నడుస్తోంది, గాంధీగారి మాట ఆయనకీ నచ్చింది. బాస్టియన్ మీద పై అధికారులకి ఫిర్యాదు కూడా చేశారు. బాస్టియన్‌కి ఏమీ కాలేదు, ఫిర్యాదు చేసినాయన మీదే నిఘా పడింది. మన్యానికి దూరంగా పెట్టాలని చూశారు. మాటతో చేయగలిగిందంతా చేసి చూశాకే ఆయన ఆయుధం వైపు వెళ్లారు. గాం గంటందొర, గాం మల్లుదొర లాంటి వాళ్లు అప్పుడు వెంట నిలిచారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు స్టేషన్లు. 26 తుపాకులు, రెండున్నర వేలకి పైగా తూటాలు చేతికొచ్చాయి. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరని విడిపించారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇక్కడే ఉంది. చింతపల్లిలో ఏమేం తీసుకెళ్తున్నారో స్టేషన్ రికార్డులో రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్లారు. అంటే రసీదు రాసిచ్చారన్నమాట. ఒక్క నిమిషం ఆలోచించండి. ఏళ్ల తరబడి ఊళ్లని కొట్టి, తిట్టి, దోచిన యంత్రాంగం కొమ్ము ఇప్పుడు మీ చేతికి చిక్కింది. చుట్టూ విల్లంబులతో వందలమంది రగిలిపోతున్నారు. ఆ టైమ్‌లో పెన్ను పట్టుకుని లిస్టు రాయాలంటే ఎంత నిబ్బరం కావాలి! మేం దొంగలం కాము, ఈ పని చేసింది ఎవరో మీకు తెలియాలి అని ఆ సంతకమే చెప్పేస్తుంది. ఆ తర్వాత దాడులకి ముందే కబురు పంపడం కూడా ఉంది, మిరపకాయ టపా అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇంకో సంగతి 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో జరిగింది. ఆయన్ని వెతుక్కుంటూ పోలీసు దళం ఇరుకు దారిలో వస్తోంది. ముందు నడిచేది మన దేశపు జవాన్లు. పైన పొదల్లో అల్లూరి మనుషులు. జవాన్లు ఒక్కొక్కరే కిందనుంచి పోతుంటే ఊపిరి బిగబట్టి వదిలేశారు. వెనకాల వచ్చిన ఇద్దరు ఇంగ్లీష్ అధికారులు, స్కాట్ కవర్డ్, హైటర్, అక్కడే కూలిపోయారు. ప్రాణాలు పోయిన సంగతి కాబట్టి దీన్ని చప్పట్లు కొట్టించడానికి రాయట్లేదు. నేను చూసేది ఆ వదిలేసిన నిమిషాల్నే. మనకి ఒక్కడి మీద కోపమొస్తే వాడి బ్రాంచ్‌ని, వాడి ఊరిని, వాడి కులాన్ని కలిపి గ్రూప్‌లో తిట్టేస్తాం. అక్కడ తుపాకీ గురిపెట్టి ఉన్నా ఎవరు, ఎవరు కాదు అన్న లెక్క తప్పలేదు.

అన్నీ గెలుపులే కాదు. మలబార్ స్పెషల్ పోలీసులు దిగాక, 1922 డిసెంబరులో పెద్దగడ్డపాలెం దగ్గర పెద్ద దెబ్బ తగిలింది, తనవాళ్లు చాలామంది పోయారు. పగతో వెంటనే ఎగబడి ఉంటే తిరుగుబాటు ఆ నెలలోనే ముగిసేది. ఆయన దాదాపు నాలుగు నెలలు కనిపించలేదు. పోయారనే అనుకున్నారు కొందరు. 1923 ఏప్రిల్‌లో అన్నవరంలో ప్రత్యక్షమయ్యారు, జనం హారతులు పట్టారు.

తర్వాత అస్సాం రైఫిల్స్ వచ్చాయి. తలకి పదివేల రూపాయల వెల కట్టారు. 1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడ్డారు. 1924 ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనర్‌గా వచ్చి, ఆచూకీ చెప్పకపోతే ఊళ్ల సంగతి చూస్తానన్నాడు. కొండల్లో దొరకని మనిషి కోసం గూడేల్లో దొరికినవాళ్లని పీడించారు. ఆయనెంత నియమంగా పోరాడినా, అవతలివాళ్లకి ఆ నియమం లేదు. ఆ బాధ మోసింది గిరిజనులు. ఇది మాత్రం ఏ సినిమాలోనూ సరిగ్గా చూపించరు.

1924 మే 7న మంప దగ్గర ఆయన పట్టుబడ్డారు. జనం బాధ చూడలేక తానే కబురు పంపి లొంగిపోయారని కొందరంటారు. కొయ్యూరులో మేజర్ గుడాల్ ఎదుటికి తెచ్చారు. విచారణ లేదు, కోర్టు లేదు. చెట్టుకి కట్టి కాల్చేశారని మన్యం చెప్పుకుంటుంది, పారిపోబోయాడని సర్కారు రాసుకుంది. తుపాకులకి కూడా లెక్క రాసిచ్చిన మనిషి ప్రాణానికి అవతలివైపు నుంచి సరైన లెక్క లేదు. అప్పటికి 27 ఏళ్లు నిండలేదు, అంటే మన సీనియర్ల కంటే నాలుగైదేళ్లే పెద్ద.

నెల తిరక్కుండానే గంటందొర కూడా చనిపోయారు. జైలుకెళ్లిన మల్లుదొర మాత్రం స్వతంత్రం చూశారు, 1952లో తొలి లోక్‌సభకి ఎన్నికయ్యారు.

2022లో అరకు, పాడేరు, చింతపల్లి అన్నీ కలిసి అల్లూరి సీతారామరాజు జిల్లా అయింది. ఈసారి మనవాళ్లు చలికాలం లంబసింగి ట్రిప్ వేస్తే, మంచు ఫొటోలయ్యాక నర్సీపట్నం రోడ్డు దిగి కృష్ణదేవిపేట కూడా కలుపుకోండి. ఆయన సమాధి అక్కడే ఉంది, పక్కనే గంటందొరది కూడా. నేనైతే వస్తాను.