చీటీ తీసి నిజం తేల్చిన ఫిషర్

గొప్పవారి జీవితాలు అంటే మనం ఎక్కువగా అల్లూరి సీతారామరాజు గారి గురించి, కొమరం భీం గారి గురించి రాస్తాం. ఈసారి నేను లెక్కలతో పేరు తెచ్చుకున్న ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు సర్ రోనాల్డ్ ఐల్మర్ ఫిషర్.

ఫిషర్ 1890 ఫిబ్రవరి 17న ఇంగ్లండు దేశంలో లండన్ నగరంలో జన్మించారు. తండ్రి వేలంపాటల వ్యాపారం చేసేవారు. ఫిషర్‌కు 14 ఏళ్ళప్పుడు తల్లి చనిపోయింది. అంటే మన తొమ్మిదో తరగతి వాళ్ళ వయసు. కొంతకాలానికే తండ్రి వ్యాపారం కూడా దెబ్బతిని డబ్బంతా పోయింది. అయినా ఫిషర్ చదువు మానలేదు. స్కాలర్‌షిప్పుల మీద చదువుకుని 1912లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తి చేశారు.

ఆయనకు చిన్నప్పటి నుంచి కంటి చూపు చాలా తక్కువ. రాత్రి పూట లైటు కింద చదవకూడదని చెప్పారు. అందుకని మాస్టారు కాగితం, పెన్సిలు లేకుండా నోటితోనే లెక్కలు చెప్పేవారు. ఫిషర్ బొమ్మలన్నీ మనసులోనే గీసుకునేవారు. 1914లో యుద్ధం వస్తే సైన్యంలో చేరడానికి వెళ్ళారు గాని కళ్ళు బాగోలేవని తీసుకోలేదు. కొన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పారు.

1919లో రోథాంస్టెడ్ అనే చోట వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఉద్యోగం దొరికింది. అక్కడ 1843 నుంచి పొలాల్లో ప్రయోగాలు చేస్తున్నారు. ఏ ఎరువు వేస్తే ఎంత పండింది అని పాత లెక్కలు కుప్పలుగా ఉన్నాయి. వాటిని చూస్తూ ఫిషర్ ఒక సంగతి గమనించారు.

మన పోడు చేను తీసుకోండి. పైన రాళ్ళు ఉంటాయి, కింద తేమ ఉంటుంది, ఒక పక్క చెట్టు నీడ పడుతుంది. కింద భాగంలో కొత్త ఎరువు, పైన పాత ఎరువు వేసి, కింద బాగా పండింది కాబట్టి కొత్త ఎరువే మంచిది అంటే అది నిజమా? అది తేమ వల్ల కూడా కావచ్చు కదా. మనిషి తనకు ఇష్టం వచ్చినట్టు మడులు ఎంచుకుంటే తెలియకుండానే ఒక పక్షానికి మొగ్గుతాడు. అందుకని ఫిషర్ చీటీ తీయమన్నారు. చేనును మడులుగా చేసి, ఏ మడికి ఏ ఎరువు అనేది చీటీతో తేల్చాలి. అప్పుడు ఎవరి ఇష్టమూ అందులోకి రాదు. దీన్నే రాండమైజేషన్ అంటారు.

ఇక టీ కథ. రోథాంస్టెడ్‌లో మురియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. కప్పులో ముందు పాలు పోశారా, టీ పోశారా అనేది తాగి చెప్పగలను అని ఆమె అన్నారట. మనమైతే నవ్వి ఊరుకుంటాం, లేకపోతే ఒప్పేసుకుంటాం. ఫిషర్ ఆ రెండూ చేయకుండా పరీక్ష పెడదాం అన్నారు. తర్వాత 1935లో రాసిన పుస్తకంలో ఈ పరీక్షను వివరించారు.

మొత్తం 8 కప్పులు. నాలుగింటిలో ముందు పాలు, నాలుగింటిలో ముందు టీ. ఏ కప్పు ముందు ఇవ్వాలి అనేది చీటీతో తేల్చాలి. ముందు పాలు పోసిన నాలుగు ఏవో ఆమె చెప్పాలి. 8 కప్పుల్లో నాలుగు ఏరడానికి 70 రకాలు ఉన్నాయి. మీరూ వేసి చూడండి. 8, 7, 6, 5 గుణిస్తే 1680, దాన్ని 24తో భాగిస్తే 70. ఆ డెబ్బైలో పూర్తిగా సరైనది ఒక్కటే. ఏమీ తెలియకుండా ఊరికే చెప్పే మనిషికి అన్నీ సరిపోవడం 70లో 1 వంతు మాత్రమే. మూడు సరిపోయి ఒకటి తప్పడానికి 16 రకాలు ఉన్నాయి. అంటే మూడో అంతకన్నా ఎక్కువో అదృష్టం వల్ల సరిపోవడం 70లో 17, దగ్గర దగ్గర నాలుగులో ఒక వంతు. అందుకని మూడు సరిపోతే చాలదు. నాలుగూ సరిపోతేనే ఆమెకు నిజంగా తెలుసు అని నమ్మొచ్చు.

అదే పుస్తకంలో డార్విన్ గారి మొక్కజొన్న లెక్క కూడా ఉంది. పరపరాగ సంపర్కం వల్ల వచ్చిన మొక్క ఒకటి, ఆత్మపరాగ సంపర్కం వల్ల వచ్చిన మొక్క ఒకటి, ఇలా 15 జతల ఎత్తులు డార్విన్ కొలిచారు. 13 జతల్లో మొదటి రకమే పొడుగు. అంగుళాన్ని 8 భాగాలు చేసి లెక్కేస్తే మొత్తం తేడా 314 భాగాలు. ఫిషర్ ఏమని ఆలోచించారంటే, రెండు రకాలకూ నిజంగా తేడా లేకపోతే ఒక్కో జతలో ఏది పొడుగు అయినా కావచ్చు. అలా 15 జతలను అటూ ఇటూ మారిస్తే మొత్తం 32,768 రకాలు వస్తాయి. వాటిలో 314 గాని అంతకు మించి గాని తేడా ఏదో ఒక పక్క వచ్చేవి 1,726 మాత్రమే. అంటే నూటికి ఐదు కన్నా కొంచెం ఎక్కువ. కంప్యూటర్ లేని రోజుల్లో అంత లెక్క ఎంత కష్టమో చూడండి. ఇప్పుడైతే కంప్యూటర్ ఒక్క క్షణంలో చేసేస్తుంది. అందుకే ఈ పరీక్షలు మందులకు, పంటలకు, ఇంకా ఎన్నిటికో ఈ రోజు వాడుతున్నారు.

మన తెలుగువారికి కూడా ఆయనతో సంబంధం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివిన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జి వెళ్ళి ఫిషర్ దగ్గర పరిశోధన చేసి 1948లో డాక్టరేట్ పొందారు. రావు గారు 2023లో, 102 ఏళ్ళ వయసులో చనిపోయారు.

ఇంతవరకు మంచి సంగతులు రాశాను. మిగతావి దాచిపెడితే అది సగం కథే అవుతుంది. ఫిషర్ యూజెనిక్స్ అనే దాన్ని నమ్మారు. కొందరు పుట్టుకతోనే తెలివిగలవాళ్ళు, కొందరు తక్కువవాళ్ళు, తక్కువవాళ్ళకు పిల్లలు ఎక్కువ ఉండకూడదు అనే ఆలోచన అది. 1950ల్లో కూడా ఆయన జాతుల మధ్య తెలివిలో తేడా ఉంటుందనే అన్నారు. అందుకని కేంబ్రిడ్జిలో ఆయన చదివిన కాలేజీలో ఆయన గుర్తుగా పెట్టిన అద్దాల కిటికీని 2020లో తీసేశారు. ఇది చదివి నాకు చాలా బాధ వేసింది. కొండ మీద పుట్టినవాళ్ళకు చదువు రాదు అని మనల్ని అన్నవాళ్ళు లేరా? పైన రాళ్ళలో వేసిన విత్తనాన్ని, కింద తేమలో వేసిన విత్తనాన్ని పోల్చి, విత్తనమే మంచిది కాదు అనడం తప్పు అని చెప్పింది ఫిషరే కదా. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట ఆయనే మర్చిపోయారు.

ఇంకొకటి. సిగరెట్ల వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు చెబితే ఆయన ఒప్పుకోలేదు. ఎవరు పొగ తాగాలో చీటీ తీసి చెప్పలేదు కాబట్టి అది రుజువు కాదన్నారు. ఆయన పైపు తాగేవారు, పొగాకు కంపెనీలకు సలహాలు కూడా ఇచ్చారు. చివరికి డాక్టర్ల మాటే నిజమైంది. మన ఊళ్ళలో చుట్ట కాల్చే తాతలకు, అవ్వలకు ఇది చెప్పాలి.

1952లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. చివరి రోజుల్లో ఆస్ట్రేలియా వెళ్ళి అడిలైడ్ నగరంలో 1962 జూలై 29న కన్నుమూశారు.

స్నేహితులారా, ఫిషర్ చెప్పిన పద్ధతి నేర్చుకుందాం. ఎవరైనా ఏదైనా గట్టిగా చెబితే, ఇది ఊరికే కూడా ఇలా జరగొచ్చా, ఎన్నిట్లో ఎన్నిసార్లు, అని అడుగుదాం. గొప్పవాళ్ళు చెప్పినా సరే అడుగుదాం.

— 9వ తరగతి విద్యార్థిని